కూరలో కరివేపాకు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



విస్తరి ముందు కూర్చుండిన తెలుగువాడు మొదట చేయు పని యొకటి గలదు. అన్నము కలుపుటకు ముందే కూరలోని కరివేపాకును ఏరి విస్తరి అంచున పెట్టును. ఈ పని అతనికెవ్వరును నేర్పలేదు. తండ్రి చేయగా అతడు చూచెను. తాత చేయగా తండ్రి చూచెను. భోజనము ముగియునప్పటికి నూనెతో మెఱయుచు పది పండ్రెండు ఆకులు అంచున మిగులును. అవి ఎంగిలి విస్తరితో కూడ పెంటకుప్పకు చేరును. ఈ అలవాటునుండియే యొక పలుకుబడి పుట్టినది. అవసరము తీరువఱకు వాడుకొని పిమ్మట విడిచిపెట్టబడిన మనిషిని గూర్చి, "కూరలో కరివేపాకువలె తీసి పాఱవేసినా" రందురు. ఎన్నికలు ముగిసిన మఱునాడు ఈ మాట ప్రతి ఊరి రచ్చబండమీదను వినవచ్చును.

ఆ పలుకుబడిలో మనుష్యుల కృతఘ్నతను గూర్చిన మాట సరియైనదే. ఆకును గూర్చిన మాట మాత్రము అన్యాయము. వడ్డనతో ఆకు పని తీరలేదు. దాని సువాసనలో కొంతభాగము కూరకు చేరినది గాని, తక్కిన సారమంతయు ఆకులోనే మిగిలియున్నది. దానిని ఏరివేయువాడు పరిమళమును పుచ్చుకొని పదార్థమును పాఱవేయుచున్నాడు. ఈ ప్రసంగమును ఆ ఆకు పక్షమున దాఖలైన యొక అర్జీగా సభవారు భావింపవచ్చును.

మొదట పేరు సంగతి. తెలుగున కరివేప, కన్నడమున కరిబేవు. ఈ రెండు భాషలలోను కరి యనగా నలుపు. కరిమబ్బు, కరినాగు అను మాటలలో ఉన్నది ఆ కరియే. కావున నల్లవేప యని అర్థము. తమిళులు దీనిని రెండు విధముల వ్రాయుదురు. ఒక విధమున వ్రాసినచో నల్లవేపాకు. బండి ఱకారముతో వ్రాసినచో కూరవేపాకు. ఇంగ్లీషువారు చేతబట్టినది ఈ రెండవ అర్థము. అందుచేతనే వారికిది కర్రీ లీఫ్ అయినది. సంస్కృత వైద్య నిఘంటువులు దీనికి కైడర్యము, సురభినింబము, కృష్ణనింబము అను పేర్లు చెప్పును. ఉత్తరదేశమున మీఠా నీమ్, అనగా తీపివేప.

ఇన్ని భాషలవారు దీనిని వేప యని పిలిచినను, వేపకును దీనికిని చుట్టరికము లేదు. ఆకు పొందికలో పోలికయే గాని వంశము వేఱు. కరివేపకు నిజమైన దాయాదులు నిమ్మ, నారింజ, దబ్బ, వెలగ, మారేడు. నమ్మనివారు ఒక కరివేపాకును, ఒక నిమ్మాకును, ఒక వేపాకును తెచ్చి ఎండకు ఎదురుగా పట్టి చూడవలెను. మొదటి రెండింటిలోను సూదిమొనతో గ్రుచ్చినట్లు చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడును. అవి సుగంధతైలము నిండిన తిత్తులు. వేపాకులో అవి లేవు. ఇంకొక సాక్ష్యము గూడ గలదు. నిమ్మమొక్కపై చిన్నతనమున పక్షిరెట్టవలె కనబడి, పెరిగిన పిమ్మట పచ్చనగు గొంగళిపురుగు ఉన్నదిగదా. కరివేపపైన గుడ్లు పెట్టునదియు ఆ సీతాకోకచిలుకయే. వృక్షశాస్త్రము చదువని ఆ ప్రాణికి ఈ వంశవృక్షము ముందుగనే తెలిసియున్నది.

ఈ చెట్టు శాస్త్రీయ నామమున గోదావరి మండలముతో సంబంధము గల యొక మనిషి పేరు దాగియున్నది. చిరకాలముగా పుస్తకములలో కనబడు పేరు ముర్రయా కోయినిగీ. ఇందలి కోయినిగ్ అనునతడు 1728లో బాల్టిక్ సముద్రప్రాంతమున జన్మించి, స్వీడను దేశమున లిన్నేయస్ మహాశయుని శిష్యుడై, 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడుగా వచ్చెను. వైద్యము అతని జీవనము. మొక్కలు అతని ప్రాణము. దొరికిన జీతము చాలక ఆర్కాటు నవాబు కొలువున చేరి, అటుపిమ్మట 1778లో ఇంగ్లీషు కంపెనీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడై, సయాము మలక్కాల దాక తిరిగి వచ్చెను. తాను పరీక్షించిన మొక్కలను గురువునకు పంపుచుండెను. లిన్నేయస్ 1771లో కరివేపకు బెర్గెరా కోయినిగీ అని పేరిడి శిష్యుని పేరును నిలిపెను. తరువాతివారు దానిని ముర్రయా అను శాఖలోనికి మార్చిరి. ఇటీవలి పరిశోధకులు మరల బెర్గెరా యనుటయే న్యాయమని పాత పేరునే పునరుద్ధరించుచున్నారు. శాఖ పేరు ఎన్నిమార్లు మాఱినను కోయినిగ్ పేరు మాత్రము చెక్కు చెదరలేదు.

ఆ కోయినిగ్ 1785 జూన్ నెలలో కాకినాడ జగన్నాథపురమున మరణించెను. జిగట విరేచనములు అతని ప్రాణము తీసెను. అంత్యకాలమున అతనికి వైద్యము చేసినవాడు సామర్లకోటలో నున్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఆ రాక్స్‌బర్గే పిమ్మట ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించి, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథమును 1795 మొదలు వెలువరించెను. అందు కరివేప బొమ్మయు గలదు. పల్లెలలో జిగట విరేచనములకు పచ్చి కరివేపాకును నమలించుట పూర్వపు వాడుక. ఏ మొక్క తన పేరు మోయుచున్నదో ఆ మొక్కనే మందుగా వాడు రోగముతో ఆ మహనీయుడు తనువు చాలించుట విధి విలాసమనవలెను. ఆకు నమిలినచో బ్రతికియుండు ననుట మాత్రము సాహసము.

కావ్యములలో కరివేపకు ఎక్కువ స్థానము లేదు. పెరుంపాణాఱ్ఱుప్పడై అను ప్రాచీన తమిళ కావ్యమున, వెన్నలో వేగిన దానిమ్మకు మిరియమును ఈ ఆకును చేర్చిన వంటకము చెప్పబడినదని వ్యాఖ్యాతలు వ్రాసినారు. తెలుగున ఆముక్తమాల్యదను తీసికొనుడు. అందు విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున ఒకవిధముగను, వేసవిని మఱియొకవిధముగను, చలికాలమున ఇంకొకవిధముగను వడ్డించును. వానకాలపు వడ్డనలో తాలింపు పెట్టిన కూరలు నాలుగైదు గలవు. కృష్ణదేవరాయలు తాలింపు పెట్టుటను పొగపుట యనినాడు. ఎంత చక్కని మాట! నూనె కాగి ఘుమఘుమలాడుచు పొగ లేచుట ఆ మాటలోనే కనబడుచున్నది. అయితే ఆ పద్యమున కరివేప పేరు లేదు. తినువాడు ఏరివేసినట్లే కవియు ఏరివేసెను కాబోలు!

ఆ పొగపు సంగతియే ఇప్పుడు చూడవలసినది. తాలింపులో కరివేపాకు ఎప్పుడు పడవలెనో ఇల్లాండ్రకు తెలియును. ఎందుకట్లు పడవలెనో తెలిసికొనుటకు కొంచె మాలోచింపవలెను. నూనె కాగిన పిమ్మట మొదట ఆవాలు, అవి చిటపటలాడిన వెనుక మినపప్పు, జీలకఱ్ఱ, ఎండుమిరప, ఇంగువ, చిట్టచివర కరివేపాకు. ఆకులోని తైలము నీటిలో కరగదు, నూనెలో కరగును. కావున నీటిలో ఉడికిన ఆకు ఇచ్చు పరిమళము స్వల్పము. కాగిన నూనెలో పడిన ఆకు ఇచ్చు పరిమళము పదింతలుగా తోచును. కాని ఆ తైలము వేడికి త్వరగా ఎగిరిపోవును. మినపప్పుతోపాటే ఆకు వేసినచో పప్పు ఎఱ్ఱబడులోపల ఆకు మాడి, పరిమళము పొరుగింటివారి పాలగును. చివర వేసి, చప్పుడు ఆగగానే దింపి, వెంటనే చారులోనో పప్పులోనో పోసి మూతపెట్టవలెను. తడి ఆకు వేసినచో నూనె చిందును. కడిగిన ఆకును గుడ్డతో అద్ది వేయుట మంచిది. వేయుటకు ముందు ఆకును రెండుగా త్రుంచినచో తిత్తులు విచ్చుకొని వాసన హెచ్చును. ముక్కలు చిన్నవైనచో ఏరివేయువాని చేతికి చిక్కవు. ఇది రెండవ లాభము.

వెన్న కాచునప్పుడు చివర ఒక రెబ్బ వేయుట అనేక గృహములలో ఆచారము. కొందరు మునగాకు, కొందరు తమలపాకు వేయుదురు. వాసనకే యని చాలమంది తలంపు. ఇచ్చట దూరదేశపు మొక్క యొకదానిని తలచుట ఉచితము. మధ్యధరా సముద్రతీర దేశములలో రోజ్‌మరీ అను పొద గలదు. తులసి పుదీనాల వంశమునకు చెందినది. ఆకులు సూదులవలె సన్నగా బిరుసుగా ఉండి కర్పూరపు వాసన గొట్టును. ఇటలీ మొదలగు దేశములవారు మాంసము కాల్చునపుడును, బంగాళాదుంపలు వేపునపుడును, రొట్టెలపైనను దాని రెమ్మను వాడుదురు. వడ్డించునపుడు ఆ పుల్లను తీసివేయుదురు. అచ్చటను అదే కథ! ఆ ఆకు సారము నూనెలు కనరువాసన పట్టకుండ ఆపునని కనుగొని, ఐరోపావారు దానిని 2010 నాటికి ఆహారమును నిలువచేయు పదార్థములలో చేర్చిరి. కరివేపాకులోను అట్టి గుణము గల పదార్థములున్నవని ప్రయోగశాలలలో తేలినది. కావున నేతిలో రెబ్బ వేసిన పూర్వపు ఇల్లాలు వాసనకొఱకే వేసినదని తీర్మానింపరాదు. రెండింటికిని భేద మొకటి గలదు. రోజ్‌మరీ ఎండినను వాసన పోదు. కరివేపాకు ఎండినచో వాసన చాలవఱకు పోవును. అందుచేత రోజ్‌మరీ సీసాలకెక్కి లోకమంతయు తిరిగినది. కరివేప పెరటిని విడువలేదు.

ఇక తినుట. ఈ విషయమున కొంచెము లెక్క వేయవలసియున్నది. నూఱు గ్రాముల పచ్చి కరివేపాకులో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, 650 మొదలు 830 మిల్లీగ్రాముల వఱకు ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పట్టికలు చెప్పుచున్నవి. అంతే తూకపు ఆవుపాలలో 120 ప్రాంతము. ఈ అంకెలు చూచి కొందరు పత్రికలలో కరివేపాకు పాలకంటె ఆరు రెట్లు బలమని వ్రాయుదురు. అంకె నిజమే, లెక్క తప్పు. పాలు గ్లాసుతో త్రాగుదురు. కరివేపాకును నూఱు గ్రాములు ఎవ్వరును తినరు. పెద్ద రెబ్బ యొకటి ఇంచుమించు రెండు గ్రాములు తూగును. అందు కాల్షియము పదునాలుగు పదునైదు మిల్లీగ్రాములు. వయసు వచ్చిన మనిషికి దినమునకు కావలసినది 1000 మిల్లీగ్రాములు. అదియుగాక ఈ ఆకులో ఆగ్జాలిక్ ఆమ్లము గలదు. అది కాల్షియమును పట్టి ఉంచి కొంత భాగమును ఒంటికి పట్టనీయదు. కావున కూరలోని నాలుగు ఆకులు నమిలి ఎముకలు గట్టిపడునని తలంచుట వెఱ్ఱి.

అయితే పొడి సంగతి వేఱు. పచ్చి ఆకు మూడుపాళ్ళు ఎండినచో ఒకపాలు మిగులును. చెంచాడు పొడిలో సగము ఆకే అనుకొన్నను, అది ఏడెనిమిది గ్రాముల పచ్చి ఆకునకు సమానము. కాల్షియము 50 మిల్లీగ్రాములు. పూటకొక చెంచా చొప్పున రెండు పూటలు తినువానికి దినపు అవసరములో పదవవంతు జమ యగుచున్నది. కంటికి మేలు చేయు కెరోటీను, పీచు పదార్థము అదనము. పెరటిలో ఊరక దొరకు వస్తువునకు ఈ జమ తక్కువది కాదు.

పొడి చేయు విధము అందరికి తెలిసినదే యైనను, తెలియని పడుచుల కొఱకు చెప్పవలెను. నాలుగు పిడికిళ్ళ ఆకును కడిగి, నీడన గుడ్డపై తడి పోవువఱకు ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో రంగును గుణమును చెడును. చెంచాడు నూనెలో సన్నని సెగపై ఆకును వేపవలెను. చేతితో నలిపిన పొడుము కావలెను గాని నల్లబడరాదు. వేఱుగా రెండేసి చెంచాల మినపప్పు, శనగపప్పు, ధనియములు, ఒక చెంచా జీలకఱ్ఱ, ఎనిమిది పది ఎండుమిరపకాయలు వేపి, ఉసిరికాయంత చింతపండును పొడిగా వేడిచేసి, తగు ఉప్పుతో ముందు పప్పులను, చివర ఆకును దంచవలెను. వెల్లుల్లి తినువారు నాలుగు రెబ్బలు చేర్చుకొందురు. మరీ మెత్తగా చేసినచో రుచి తగ్గును. వేడి అన్నమున నేతితోనో నువ్వులనూనెతోనో మొదటి ముద్దకు కలుపుకొనవలెను. బాలింతలకు పథ్యములో ఈ పొడి పెట్టుట పెద్దలు ఏర్పఱచిన పద్ధతి. తడి తగులని జాడీలో నెల దినములు నిలుచును. ఆపైన వాసన తగ్గును.

వైద్యమును గూర్చి జాగ్రత్తగా మాటాడవలెను. అరుచికి, వికారమునకు, అజీర్తికి మజ్జిగలో నూఱి ఇచ్చుట గృహవైద్యము. దానివలన కీడు లేదు, పలువురకు ఉపశమనము గలుగుచున్నది. రసాయనశాస్త్రజ్ఞులు ఈ చెట్టునుండి అనేక పదార్థములను వేఱుచేసినారు. కలకత్తా పరిశోధకుడు డి. పి. చక్రవర్తి 1965లో దీని బెరడునుండి ముర్రయానిన్ అను దానిని వెలికిదీసెను. ఈ చెట్టున దొరికిన మఱికొన్నిటికి గిరినింబిన్, మహానింబిన్, కోయినింబిన్ అను పేర్లు పెట్టిరి. ప్రయోగశాలలో ఎలుకలకు ఈ ఆకు సారము ఇచ్చినపుడు రక్తమున చక్కెర తగ్గినట్లు పలు పరిశోధనలు చెప్పుచున్నవి. ఎలుకకు తగ్గినది మనిషికి తగ్గునని ఇంకను రూఢి కాలేదు. ఉదయమున పది ఆకులు నమిలి, వైద్యుడిచ్చిన మధుమేహపు మాత్రలు మానివేయువారు ప్రతి గ్రామమునను ఉన్నారు. వారికి ఆకు చేయు అపకారము లేదు. మాత్ర మానుటయే అపకారము. కాలి పుండ్లు మానక, చూపు మందగించి పట్టణపు ఆసుపత్రికి పోవునప్పటికి ఆలస్యమగును. ఆకు ఆహారము, మాత్ర ఔషధము. ఒకదాని బదులు ఒకటి చెల్లదు. కరివేపనూనె వలన నెఱసిన జుట్టు నల్లబడు ననుటకును గట్టి ఆధారము లేదు. ఆ నూనె వాసన బాగుండును, తల చల్లబడును, అంతవఱకు నమ్మవచ్చును.

ఇప్పుడు అసలు చిక్కు. పూర్వము ప్రతి యింటి నూతి పళ్ళెము ప్రక్కను, అంట్లు తోము నీరు పాఱుచోట, ఒక కరివేప చెట్టుండెడిది. పొరుగింటి పిల్ల వచ్చి "పిన్నీ, రెండు రెబ్బలు" అని అడిగి కోసికొని పోయెడిది. అడిగినది ఇచ్చినది ఏ పద్దునను వ్రాయబడలేదు. ఇప్పుడు నుయ్యి పూడినది, పెరడు గచ్చయినది, ఆకు అంగడినుండి వచ్చుచున్నది. మంగళగిరి ప్రాంతము మొదలగు చోట్ల రైతులు దీనిని పొలములలో తోటలుగా పెంచి నగరములకు పంపుచున్నారు. అది మంచి వ్యవసాయమే. కాని తోటగా పెంచినపుడు పురుగు హెచ్చును. లేత చిగుళ్ళను పీల్చు చిన్న పురుగు, ఆకు తిను గొంగళి, రెండును కొనువారి కంటికి ఆనును. మచ్చలేని ఆకునే కొందురు గావున రైతు మందు చల్లును. కోతకు ముందు ఆగవలసిన దినములు అందరును ఆగుట లేదు. ఐరోపా సమాఖ్యవారు 2019లో చేసిన నిబంధనలలో, పురుగుమందు శేషములకై అధికముగా పరీక్షింపవలసిన సరుకులలో భారతదేశపు కరివేపాకు పేరు చేర్చిరి. పరదేశము పోవు ఆకునకు పరీక్ష గలదు. మన సంతకు వచ్చు ఆకును ప్రతి కట్టకు పరీక్షించువారెవరు? చింతపండు పులుసు నీటిలో పావుగంట నానబెట్టి, పలుమార్లు కడిగినచో పైనున్న మందు చాలవఱకు పోవును. ఆకులోనికి ఇంకిన మందు కడుగుట వలన పోదు. ఆకును తినుమని చెప్పు ప్రసంగమున ఈ సంగతిని దాచుట న్యాయము కాదు. ఏరివేయువానికి ఈ భయము కొంత తక్కువ. నమలి తినువానికే ఎక్కువ. కావున తినదలచినవాడు పెంచుకొనవలెను.

దూరమున నున్న పిల్లలకు ఈ విషయము మనకంటె బాగుగ తెలియును. అమెరికా పోవు ప్రయాణికులు పెట్టెలో పచ్చి కరివేపాకు తీసికొనిపోరాదు. అచ్చటి ప్రభుత్వము నిషేధించినది. పైన చెప్పిన చిగురు పీల్చు పురుగే కారణము. అది నిమ్మజాతి చెట్లను చంపు తెగులును మోయును. 2005లో ఫ్లోరిడాలో ఆ తెగులు కనబడి నారింజతోటలను పాడుచేసెను. నిమ్మకును కరివేపకును గల చుట్టరికము ఇట్లు విమానాశ్రయమున బయటపడుచున్నది! అందుచేత అచ్చటి తెలుగువారు కుండీలలో మొక్క పెంచి, మంచు కురియు దినములలో ఇంటిలో కిటికీ దగ్గర నుంచి, చంటిబిడ్డవలె సాకుచున్నారు. పది సెంట్ల పెరడున్నవారు కొనుక్కొనుటయు, కుండీయే గలవారు పెంచుకొనుటయు చూడ వింతగా నుండును.

పెంచుట కష్టము కాదు. వేసవి పోయి తొలకరి వచ్చువేళకు చెట్టున కాయలు నల్లగా మాగును. కోయిలలు, పికిలిపిట్టలు తిని విత్తనములు చల్లును. పండు గుజ్జు తియ్యగానే ఉండును గాని గింజను నమలరాదు. గుజ్జు తీసి కడిగిన గింజను ఆలస్యము చేయక నాటవలెను. నిలువ యుంచినచో కొలది వారములలోనే మొలక శక్తి పోవును. పెద్ద చెట్టు వేళ్ళనుండి లేచిన పిలకను వేరుతో కూడ త్రవ్వి తెచ్చి నాటుట ఇంకను సులువు. కొనదలచినవారికి ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి సువాసిని రకము గలదు. ఎఱ్ఱని కాడ గల సెంకాంపు రకమును వాసనకు పేరుపొందినది. ఎండ తగులవలెను, నీరు నిలువరాదు. పులిసిన మజ్జిగను నీటితో పలుచన చేసి వారమునకొకమాఱు మొదట పోయుట ఇల్లాండ్ర పద్ధతి. బియ్యము కడిగిన నీరు ప్రతిదినము పోయవచ్చును. గొంగళి కనబడినచో పుల్లతో తీసివేయుట చాలును. ఇంటి చెట్టునకు మందు అక్కరలేదు. మొదటి సంవత్సరము ఆకు కోయక, మొక్క మోకాలెత్తు పెరిగిన పిమ్మట తల త్రుంచినచో ప్రక్కకొమ్మలు వేసి గుబురగును. తరువాత ఆకు దూయరాదు. రెబ్బను కాడతో విఱువవలెను. దూసిన కొమ్మ బోడిదై నిలుచును, విఱిచినచోట రెండు చిగుళ్ళు వచ్చును.